గాలిపెట్టెకు ఒడిబియ్యం

ఊరికే వచ్చింది ఏదీ ఊరికే ఉండదు. అనుమానముంటే మా కారును అడగండి.

మా ఆయన దత్తాత్రేయ ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి రకం చూసి చెప్పే పనిలో ఉండేవారు. చిటికెడు దూది తీసి వేళ్ళ మధ్య సాగదీస్తే చాలు, అదేం రకమో, పోగు ఎంత పొడుగో చెప్పేస్తారు. ఆ మిల్లు యజమాని ఢిల్లీలో ఏదో దేశపు రాయబారి వాడి వదిలేసిన ఫ్రెంచి డీజిల్ కారును వేలంలో పాడి తెచ్చుకున్నాడు. అక్కడి చలికాలంలో అది గుర్రంలా పరుగెత్తిందట. ఆదోని ఎండలోకి వచ్చాక దీనికంటే గాడిద నయమనిపించింది. విసిగిపోయి ఒకరోజు, "దత్తాత్రేయా, నీకు దీని మీద మోజు కదా, తోలుకుపో" అన్నాడు. ఈయన తోలుకొచ్చేశారు. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు.

అవి ఎనభైలలో సగం గడిచిన రోజులు. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా అత్తవారిది మంత్రాలయంలో తరతరాలుగా మఠం సేవ చేసుకునే ఇల్లు. "హారతి పళ్ళెం పట్టాల్సిన చేతులకు గ్రీజు పూసుకుంటున్నాడు" అని మా అత్తగారు నా మీద విరుచుకుపడేవారు, ఆ కారును నేనేదో పుట్టింటి నుంచి తెచ్చినట్టు.

దానికి స్టీరింగు ఎడమపక్క. దారి అడగడానికి వచ్చినవాళ్ళు కుడిపక్క కిటికీలో నన్ను పలకరించి, నా చేతిలో చక్రం లేకపోవడం చూసి బెదిరిపోయేవారు. పొద్దున చల్లని వేళ బాగానే నడిచేది. ఎండెక్కి, నలుగురు ఎక్కితే మాత్రం నల్లటి పొగ చిమ్ముతూ, ఎమ్మిగనూరు రోడ్డులో చిన్న మిట్టకు కూడా రొప్పేది. సంతకు పోయే ఎడ్లబండి మమ్మల్ని దాటిపోయిన రోజున నేను దానికి 'ఆయాసమ్మ' అని పేరు పెట్టాను. ఆ పేరు మా ఆయనకు తప్ప ఊరందరికీ నచ్చింది.

ఆయాసమ్మను బాగుచేస్తానని ముందుకొచ్చినవాడు ఉచ్చీరప్ప ఒక్కడే. ఊరి బయట ఎమ్మిగనూరు రోడ్డు పక్కన అతని షెడ్డు. పెద్దకడుబూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, ట్రాక్టర్లు, జీపులు బాగుచేస్తూ నిలదొక్కుకున్నాడు. మనిషి నెమ్మది. ఇంజను ఆడుతుంటే దాని మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసే వైద్యుడిలా కాసేపు కదలకుండా నిలబడేవాడు.

"సామీ, ఇంజనుకి రోగమేం ల్యా. గాలి వేడిగా పోతాంది, అంతే" అన్నాడు.

"గాలి వేడైతే కారుకేమిటి?" అన్నాను నేను. లెక్కల టీచరును, అడక్కుండా ఉండలేను.

అతను సైకిలు పంపు తెచ్చి, దాని మూతి బొటనవేలితో మూసి, గబగబా కొట్టాడు. "ఇప్పుడు అడుగున పట్టుకోమ్మా."

పట్టుకున్నాను. చుర్రుమంది.

"ఈ కారులో పొగ పోయే దావలో ఒగ చక్రం ఉండాది. టర్బో అంటారు. పొగ ఆ చక్రాన్ని తిప్పుతాది, అది బయటి గాలిని కుక్కి కుక్కి ఇంజనులోకి తోస్తాది. కుక్కితే గాలి కాగుతాది, ఈ పంపు కాగినట్ల. కాగిన గాలి పల్సనైతాది. ఇంజను ఎంత మింగినా కడుపు నిండదు. సల్లటి దేశంలో సరిపోయింటాది. మన ఎండకి యాడ సరిపోతాది?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన ఇంగ్లీషు మోటారు పత్రికలు తెప్పించుకుని చదివే రకం. "ఇంటర్‌కూలర్!" అన్నారు. టర్బోకూ ఇంజనుకూ నడుమ ఒక రేకుల పెట్టె బిగించి, కాగిన గాలిని అందులోంచి పోనిస్తే, ఎదురుగాలి తగిలి చల్లబడుతుందట. రేడియేటరు నీళ్ళకు చేసే సేవే ఇది గాలికి చేస్తుంది. ఈ కారు చేసినవాళ్ళు పెట్టలేదు కాబట్టి మనమే వెతికి పెట్టుకోవాలి. ఉచ్చీరప్ప తల ఊపి, దానికి గాలిపెట్టె అని అక్కడికక్కడే నామకరణం చేశాడు.

ఇక చూడండి, పిల్లకు సంబంధం వెతికినట్టు వెతికారు ఇద్దరూ.

మొదటి సంబంధం మా ఆయన తెచ్చింది. బొంబాయి పాతసామాన్ల బజారు నుంచి పత్తి బేళ్ళ లారీవాడి చేత తెప్పించారు. ఏ పెద్ద లారీదో ఏమో, మా వంటింటి తలుపంత ఉంది.

"అంత పెట్టె నిండేదాక ఇంజనుకి గాలి అందదు సామీ. ఎనకాల రేడియేటరుకి గూడ ఊపిరాడదు" అన్నాడు ఉచ్చీరప్ప.

"పెద్దదైతే ఎక్కువ చల్లబడుతుంది కదయ్యా!" అన్నారు ఈయన. వినే మనిషైతే కారే తెచ్చేవారు కాదు.

కట్టి చూశారు. కాలు తొక్కితే కారు కాసేపు ఆలోచించి, అప్పుడు కదిలేది. "అచ్చం మీ అన్నగారి పోలికే" అన్నాను. కోటబజారు దాటేలోగా రేడియేటరులో నీళ్ళు సలసలా కాగాయి. ఆ తలుపు విప్పి మా పెరట్లో పడేశారు. మా పిల్లి దాని మీద పడుకునేది.

రెండోది ఉచ్చీరప్పే స్వయంగా చేశాడు. పాత ట్రాక్టరు రేడియేటరును కోసి, మూతులు అతికి, ముచ్చటైన పెట్టె తయారుచేశాడు. ఎమ్మిగనూరు దాకా కారు హాయిగా పోయింది. మగ్గాల వీధి మలుపులో ఢామ్మని పేలింది. లోపల మగ్గాల చప్పుడంతా ఒక్కసారి ఆగి, నేతగాళ్ళు ఇళ్ళలోంచి బయటికొచ్చి మమ్మల్ని చూశారు.

"నీళ్ళ వేడికి నిలిసే సీసపు అతుకు ఈ గాలి వేడికి నిలవల్యా. కరిగి ఇచ్చుకుపోయింది. తప్పు నాదే సామీ" అన్నాడు.

తప్పు నాదే అనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. ఇతను అంత సులువుగా అనేసరికి వింతగా చూశాను.

మూడోది హాలహర్విలో దొరికింది. కరువు ఏళ్ళలో ఊరూరా తిరిగి బోర్లు వేసిన ఒక లారీని అక్కడ చేలో విప్పేస్తున్నారు. దాని కంప్రెసరులో గాలిని చల్లార్చడానికి ఉన్న పెట్టె అల్యూమినియంది. గాలి ఒత్తిడి కోసమే పుట్టింది, సీసపు అతుకులు లేవు, మా కారు ముందుభాగంలో సరిగ్గా కూర్చునేంత ఉంది. రేడియేటరుకు సగం కూడా అడ్డం రాదు. ఇంతకంటే మంచి సంబంధం దొరకదు. కానీ దాన్ని షెడ్డులోకి మోసుకొచ్చిన ఉచ్చీరప్ప ముఖంలో సంతోషం లేదు.

సంగతి వాళ్ళమ్మ సుంకమ్మ చెప్పింది. ఆమె అప్పుడప్పుడు పల్లె నుంచి కొడుక్కి జొన్నరొట్టెలు, గురెళ్ళ పొడి తెచ్చేది.

"ఆ మిషనే టీచరమ్మా, మా సేన్లో బోరేసింది."

వాళ్ళ చేలో ఒక పాత బావి ఉండేది. దాన్ని ఇంకా లోతు తవ్వుదామని తండ్రి రంగన్న, కాదు బోరు వేద్దామని ఉచ్చీరప్ప. మిషను అబద్ధమాడదని కొడుకు తండ్రిని ఒప్పించాడు. మిషను అబద్ధమాడలేదు. అంత లోతుకు పోయినా దుమ్ము తప్ప చుక్క నీళ్ళు లేవని నిజమే చెప్పింది. ఆ రోజు నుంచి రంగన్న కొడుకుతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్నా, "ఏమే, వాణ్ణి రొట్టె తినమను" అని పెళ్ళాంతో చెప్పేవాడు. కొడుకు, "అమ్మా, నాయనకు సాలని సెప్పు" అనేవాడు. నడుమ ఈమె రొట్టె పట్టుకుని ఇటూ అటూ తిరిగేది.

సుంకమ్మకు ఇంకో దిగులుంది. బోరు వేసే ముందు ఆమె ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది, శ్రావణంలో వస్తానని. ఆ శ్రావణంలో కలుపు పని తగిలి పోలేకపోయింది. నీళ్ళు పడకపోవడానికి అదే కారణమని ఆమె నమ్మకం. "వాళ్ళిద్దర్నీ ఇడదీసింది మిషను గాదు తల్లీ, నేనే" అని చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నా నోరు ఊరుకుంటుందా, "ఈ శ్రావణానికి మా ఆయాసమ్మలోనే అందరం పోదాం, ఏడవకు" అనేశాను.

ఆ మాట పల్లెకు పోయి, రంగన్న నుంచి జవాబు వచ్చింది, ఎప్పట్లాగే సుంకమ్మ నోటితో. "వాడు పెట్టిన మిషనుతో ఆ బండి మమ్మల్నందర్నీ ఎక్కించుకోని దావలో ఆగకుండా ఉరుకుందకు పోతే, వాని పని వాన్ని సేసుకోమను. నేను అడ్డం రాను. దావలో ఆగితే మాత్రం షెడ్డు మూసి సేనికి వచ్చి కాడి పట్టల్ల."

ఉచ్చీరప్ప చేతిలోని స్పానరును ఒకసారి తిప్పి చూసుకుని, "సరే అని సెప్పమ్మా" అన్నాడు.

ఇక బిగింపు మొదలైంది. హారన్లు విప్పి పక్కకు జరిపారు. ముందరి జాలీ తీసేస్తే తప్ప పెట్టె పట్టలేదు కాబట్టి దాన్ని తీసేశారు. కారు పళ్ళు ఊడిన ముసలమ్మలా తయారైంది. జిన్నింగు మిల్లు పాత ఇనుప గొట్టాలు తెచ్చి, వంచేటప్పుడు నొక్కుకుపోకుండా వాటిలో ఇసుక కూరి, కొలిమిలో కాల్చి వంచాడు ఉచ్చీరప్ప. వంచాక ఇసుక రాల్చి, లోపల ఒక్క రేణువు మిగిలినా ఇంజను తినేస్తుందని గుడ్డతో తుడిచి తుడిచి, ఊది, మళ్ళీ తుడిచాడు. మామూలు రబ్బరు గొట్టం వేడికి ఉబ్బిపోతుందని, లోపల కాన్వాసు గుడ్డ పొరలున్న లారీ గొట్టం వేశాడు. ప్రతి అతుకుకూ ఇనుప పట్టీలు బిగించి, పైన సబ్బునురుగు పూసి, ఇంజను ఆడించి, ఎక్కడైనా బుడగ వస్తుందేమో అని మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. ఎక్కడా రాలేదు.

ఎండలో ఎమ్మిగనూరు దాకా పోయి వచ్చాక నన్ను పిలిచాడు. "ఈ రెండు గొట్టాలు తాకి సూడమ్మా."

పెట్టెలోకి పోయే గొట్టం తాకగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పెట్టెలోంచి వచ్చే గొట్టం గోరువెచ్చగా ఉంది. అంతే తేడా, కానీ ఆ తేడాతో కారు మిట్టలన్నీ నవ్వుతూ ఎక్కింది. మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టాలనిపించింది గానీ కొట్టలేదు. ఇంట్లో ఒకరైనా గంభీరంగా ఉండాలి కదా.

ఆ ఏడు శ్రావణమొచ్చినా వాన రాలేదు. సోమవారం పొద్దున మేమిద్దరం, ఉచ్చీరప్ప కలిసి వాళ్ళ పల్లెకు పోయాం. స్టీరింగు అతనికే ఇచ్చారు మా ఆయన, పరీక్ష అతనిది కదా అని. సుంకమ్మ ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టింది. నేను తిన్నాను. మా అత్తగారికి మాత్రం చెప్పకండి.

తినకముందే సుంకమ్మ కొడుకును అడిగింది. "ఆయాసమ్మకు కొత్తగా పెట్టిన అంగం యాడుండాది?" అతను కారు ముందు వంగి, తెరిచి ఉన్న నోట్లో మెరుస్తున్న పెట్టెను చూపించాడు. ఆమె దానికి దండం పెట్టుకుంది.

మేము తిని బయటికొచ్చేసరికి కారు పెళ్ళికూతురైపోయింది. బానెట్టు మీద పసుపు, కుంకుమ. ముందంతా బంతిపూల దండలు, వేపమండలు. ఉచ్చీరప్ప కాస్త ఇబ్బందిగా చూసి, పై దండల్ని కొంచెం జరిపి, గాలి పోయేందుకు సందు చేశాడు గానీ, అమ్మ కట్టిందని కింది వేపమండల జోలికి పోలేదు. కొంచెం పూలు అడ్డమొచ్చినంత మాత్రాన ఏమీ కాదని నాతో మెల్లగా అన్నాడు. అది నిజమే. కానీ ఆ దండల కింద ఇంకోటుందని మాకెవరికీ తెలియదు.

రంగన్న ముందు సీట్లో కొడుకు పక్కన కూర్చున్నాడు, మొహం కిటికీ వైపు తిప్పుకుని. వెనక మేము ముగ్గురం, వాళ్ళ చుట్టాలు ఇంకో ఇద్దరు. డిక్కీలో కొబ్బరికాయలు, బియ్యం, నీళ్ళకుండ. ఉరుకుంద బస్సులు కిటికీలకు కూడా జనం వేలాడుతూ పోతున్నాయి. మొదట్లో మేము వాటిని దాటుకుంటూ పోయాం. తర్వాత అవి మమ్మల్ని దాటడం మొదలుపెట్టాయి.

మిట్ట మొదలయ్యేసరికి ఆయాసమ్మకు పాత ఆయాసం తిరిగొచ్చింది. పడమటిగాలి ఎదురుగా హోరున కొడుతోంది. పెట్టె చల్లబడాలంటే అంతకంటే మంచి గాలి ఉండదు. అయినా వెనక నల్లటి పొగ, వేడి చూపే సూది పైపైకి. ఉచ్చీరప్ప మెడ మీద చెమట కారడం వెనక నుంచి చూస్తున్నాను. ఇంకొంచెం పోతే ఇంజనే పోతుంది. మిట్ట సగంలో, చెట్టన్నది లేని చోట, అతను కారు పక్కకు తీసి ఆపేశాడు.

రంగన్న దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

"ఏమే," అన్నాడు, "కాడి పట్టేది మర్సిపోయినాడా, గ్యాపకముండాదా అడుగు వాణ్ణి."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక మా ఆయన మీద మండాను. "అయ్యో, అన్నీ సరిగ్గానే బిగించాడే" అని ఆయన కారు చుట్టూ తిరుగుతున్నారు పాపం.

ఉచ్చీరప్ప బానెట్టు ఎత్తి ఒక్కో పట్టీ లాగి చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి, పక్కనే నిలబడి నేనూ చూశాను. గొట్టాలు తాకాడు. లోపలికి పోయేది కాలుతోంది, బయటికి వచ్చేదీ కాలుతోంది. అంటే పెట్టె గాలిని చల్లార్చడం లేదు. అతను ముందుకొచ్చి, వంగి, బంతిపూల దండల కింద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నేను తొంగిచూశాను. దండల వెనక, గాలిపెట్టెకు అడ్డంగా, ఆకుపచ్చ రవికెగుడ్డ ఒకటి గట్టిగా చుట్టి కట్టి ఉంది. దాని మడతలో బియ్యం, ఎండుకొబ్బరి, పసుపుకొమ్ములు ఉబ్బెత్తుగా ఉన్నాయి. గుడ్డ అంచు దాటి కనబడుతున్న రేకుల సందుల్లో తడి పసుపు చిక్కగా మెత్తి ఉంది. ఒడిబియ్యం! కూతుళ్ళు లేని సుంకమ్మ ఆయాసమ్మకు ఒడి నింపింది. నేను ఎగతాళికి పెట్టిన పేరులోని అమ్మను ఆమె నిజంగా అమ్మ చేసేసి, కొత్త అంగం వచ్చిన పిల్లను ఒడి నింపకుండా దేవుడి దగ్గరికి పంపడమెట్లా అనుకుంది.

"అయ్యో, ఇదిగో ఇక్కడ..." అనబోయాను. ఉచ్చీరప్ప నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అతని కళ్ళలో అంత బతిమాలడం నేను ఎన్నడూ చూడలేదు. సుంకమ్మ అప్పటికే చేతులు జోడించి, "ఈరన్నా, మల్లా ఏం తప్పు సేసినానప్పా" అని గొణుగుతోంది. బోరు ఎండిపోయింది తన వల్లేనని ఇన్నాళ్ళూ కుమిలినామె. ఇప్పుడు కారు ఆగింది కూడా తన చేతి ముడి వల్లేనని తెలిస్తే తట్టుకుంటుందా? నా నోరు దానంతటదే మూతపడింది. పెళ్ళయ్యాక అలాంటిది జరగడం మా ఆయన అదే మొదటిసారి చూశారు.

ఉచ్చీరప్ప దండను మెల్లగా వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

"పట్టీ వదులైంది," అన్నాడు అందరికీ వినబడేట్టు. "నేను సరిగ్గా బిగించల్యా. తప్పు నాదే." తర్వాత తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, సేనికి వస్తానని నాయనకు సెప్పు."

ఎంత తేలిగ్గా అన్నాడో! చేతికొచ్చిన విద్యను, షెడ్డును, రేపటి బతుకును తల్లి మనసు నొచ్చుకోకూడదని రోడ్డు పక్కన పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది. గంభీరంగా ఉండాలన్నది కూడా మరిచిపోయాను.

రంగన్న రాయి మీది నుంచి లేచాడు. కొడుకు చెయ్యి దండల కింద ఆగిపోవడం అతను కూడా చూశాడని నాకు అప్పుడు అర్థమైంది. నెమ్మదిగా నడిచి కారు ముందుకొచ్చాడు. వేపమండ పక్కకు తీశాడు, దండ ఎత్తాడు. ఆకుపచ్చ గుడ్డ వంక చూశాడు. ఎన్ని ఎడ్లకు చిక్కం కట్టి, ఎన్ని ఎడ్లకు విప్పిన మనిషో! మూతికి చిక్కం బిగిస్తే మిట్ట ఎక్కలేదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. తలెత్తి కొడుకు మొహం చూశాడు. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు.

అతను ఏమీ అనకుండా పోయి మళ్ళీ రాయి మీద కూర్చుంటే చాలు, గెలుపు అతనిదే.

"ఏమే సుంకీ!" అని అరిచాడు రంగన్న. "దేవుని ఒడిబియ్యం దావలో బయట కట్టేదా? ఈ గాలికి దుమ్మంతా బియ్యంలోకే పోతాంది. దుమ్ము పడిన బియ్యం ఈరన్నకు పోస్తావా?"

సుంకమ్మ బిత్తరపోయింది. "అయ్యో, దుమ్ము పడతాందా?"

"పడకేం జేస్తాది! ఉండు, నా ఒళ్ళో పెట్టుకోని తెస్తా."

ముడి ఒక్కొక్కటే విప్పాడు. ఒక్క గింజ రాలనివ్వలేదు. మూటను పంచె ఒడిలోకి తీసుకుని, రెండో చేత్తో భుజం మీది తువ్వాలు తీసి కొడుకు వైపు విసిరాడు.

"ఒరే ఉచ్చీరా, ఆ కుండలో నీళ్ళు దీసుకోని ఆ పసుపు కడుగు. ఎండకి అట్లే బిగుసుకుంటాది."

ఉచ్చీరప్ప తువ్వాలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. పసుపు సంగతి అతని చెవికెక్కలేదు. నడుమ ఎవరూ లేకుండా తండ్రి తనను పేరు పెట్టి పిలిచిన సంగతే ఎక్కింది.

రేకుల సందులన్నీ కడిగారు. మా ఆయన కూడా పంచె ఎగగట్టి కడిగారు. ఇంజను చల్లారాక రంగన్న ఎక్కి కూర్చుని, "ఎక్కరా. ఎందుకట్ల నిలబడినావు?" అన్నాడు.

"నాయనా... బండి ఆగింది గద."

"యాడ ఆగింది? బియ్యంలో దుమ్ము పడతాందని నేను ఆపమంటి, నువ్వు ఆపినావు. తోలు."

దండలు, వేపమండలు కారు పైకి మారాయి. ఆయాసమ్మ ఆ ఎదురుగాలిని గుండెల నిండా తాగి, మిట్ట ఎక్కేసింది. వేలాడే జనంతో మమ్మల్ని దాటిపోయిన బస్సులన్నింటినీ ఉరుకుంద చేరేలోగా మళ్ళీ దాటాం. దారి పొడుగునా రంగన్న ఆ ఆకుపచ్చ మూటను రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

దర్శనమయ్యాక మగవాళ్ళు కారు దగ్గరికి పోయారు. నేనూ సుంకమ్మా కొంచెం ఇవతల నీడలో కూర్చుని బొరుగులు తింటున్నాం. ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"టీచరమ్మా, నా గుడ్డే గద బండి గొంతు పట్టింది?"

నేను ఉలిక్కిపడ్డాను. "అబ్బే, అది కాదు సుంకమ్మా, పట్టీ వదులై..."

"నువ్వు గూడ మొదులుపెట్టొద్దు తల్లీ" అంది, నవ్వుతూనే. "గుడ్డ ఇప్పినాక బండి ఎట్ల ఎక్కిందో సూడల్యా నేను? నా కొడుకు పట్టీ వదులుగా బిగిస్తాడా? ఆ ముసిలోనికి దుమ్ము మీద అంత భక్తి యాడిది? మన్నులో పుట్టి మన్ను తినే మనిషి!"

"మరి తెలిసీ ఏమీ అనలేదే?"

ఆమె బొరుగులు ఒళ్ళో పెట్టుకుని కారు వైపు చూసింది.

"అంటే ఏమొస్తాది? నేను ఏడుస్తును, వాళ్ళు ఓదారుస్తురు. ఆ బోరు ఎండినప్పట్నుంచి ఇద్దరూ ఒగ మాట మీదికి రాల్యా తల్లీ. ఇయ్యాల నాకోసం అబద్దమాడనీకన్నా ఒగటైరి. నిజం సెప్పి నేను సెడగొట్టల్లా?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతలో కారు దగ్గర నుంచి రంగన్న గొంతు గట్టిగా వినబడింది.

"ఒరే మొద్దోడా! ఆ పట్టీ ఇప్పుడన్నా సరిగ్గా బిగించినావా ల్యాదా? మల్లా వదులైతే? నీకు ఎవడు నేర్పించినాడురా పని?"

"బిగించినా నాయనా" అంటున్నాడు ఉచ్చీరప్ప. "సూడు, నువ్వే లాగి సూడు."

సుంకమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు కూడా.

"ఇను తల్లీ, ఇను" అంది. "తిడతాండాడు. వాణ్ణే తిడతాండాడు."